సముద్రం మనదే, సీటే వెయిటింగ్ లిస్టు

‘కన్యాశుల్కం’లో గిరీశం ఎంత అదృష్టవంతుడో ఇప్పటి ఉత్తరాంధ్ర వాడికే తెలుస్తుంది. విజయనగరం నిండా అప్పులు చేసి, మొహం చెల్లక, సెలవులకి ఇంటికెళ్తున్న శిష్యుడు వెంకటేశాన్ని పట్టుకుని బండెక్కేశాడు. రిజర్వేషన్ లేదు, తత్కాల్ లేదు, ఆధార్ లేదు. ఆ నాటకం విజయనగరంలో మొదటిసారి ఆడింది 1892లో. బెజవాడ నుంచి కటకం దాకా రైలు దారి తెరుచుకుంది 1893-96 మధ్య. అంటే, రైలింకా రాని రోజుల్లో పరీక్ష తప్పిన కుర్రాడూ, అప్పులవాళ్ళకి దొరక్కుండా పారిపోతున్న గురువూ సెలవులకి నిక్షేపంగా ఊరు చేరిపోయారు. పట్టాలు పడి నూట పాతికేళ్ళు దాటాక, పరీక్షలన్నీ పాసై, అప్పు బ్యాంకులోనే చేసి, నెలనెలా వాయిదా కడుతున్న పెద్దమనిషి మాత్రం సంక్రాంతికి ఇల్లు చేరలేక స్టేషన్లో బోర్డు కేసి చూస్తున్నాడు. దీన్ని ప్రగతి అంటారు. కాదన్నవాడు అభివృద్ధి నిరోధకుడు.

విజయనగరం పైడితల్లమ్మ సిరిమాను సంగతి వేరు. దసరా వెళ్ళిన తర్వాత వచ్చే మంగళవారం జాతర. ఏ ఏడు తేదీ ఆ ఏడుది. అది రైల్వే వారికి గుర్తులేదంటే పోనీలే అనుకోవచ్చు, పంచాంగం చూడాలి కదా. సంక్రాంతికి ఆ బాధ కూడా లేదు. అది సూర్యుడి పండగ. జనవరి 14, తప్పితే 15. సూర్యుడు ఇంతవరకూ ఒక్క ఏడాది కూడా సాంకేతిక కారణాల వల్ల ఆలస్యం కాలేదు. అయినా ఏటా జనవరి రెండోవారంలో అధికారులు ఉలిక్కిపడి లేస్తారు. ‘అనూహ్యమైన రద్దీ’ అంటారు. నూరేళ్ళుగా ఒకే నెలలో వస్తున్న జనాన్ని ఊహించలేకపోవడానికి చాలా పెద్ద చదువులు చదివి ఉండాలి.

టిక్కెట్టు తపస్సు నవంబరులో మొదలవుతుంది. ఇదివరకు నాలుగు నెలల ముందే రిజర్వేషన్ తెరిచేవారు. 2024 నవంబరు 1 నుంచి దాన్ని అరవై రోజులకి కుదించారు. నాలుగు నెలల ముందు దొరకని సీటు ఇప్పుడు రెండు నెలల ముందే దొరకదు. నిరాశలో సగం కోత, అంతమేరకు మేలే. భోగికి రెండు రోజుల ముందు రైలెక్కాలంటే నవంబరు రెండోవారంలో పొద్దున ఎనిమిదింటికి ఇంటిల్లిపాదీ ఫోన్లు పట్టుకు కూర్చోవాలి. మామ్మ దేవుడికి దీపం పెడుతుంది. ఎనిమిదవుతుంది. తెర మీద చక్రం తిరుగుతుంది. అది ఆగేసరికి ఫలక్‌నుమా వెయిటింగ్ లిస్టు, విశాఖ ఎక్స్‌ప్రెస్ ‘రిగ్రెట్’. రైల్వే వారు చింతిస్తున్నారన్న మాట. మనతో బాటు ఎవరో ఒకరు చింతిస్తున్నారన్నదే ఆ పూటకి ఊరట. ఇంక మిగిలింది తత్కాల్. అది బయల్దేరే ముందురోజు ఏసీకి పదింటికి, స్లీపర్‌కి పదకొండింటికి తెరుచుకుంటుంది. ఎంతసేపటికి మూసుకుంటుందో చెప్పడానికి మాత్రం గడియారంలో ముల్లు చాలదు.

పండగ పీకల మీదికొచ్చాక స్పెషల్ రైళ్ళు ప్రకటిస్తారు. వాటిలో ఛార్జీ స్పెషలు, ఆలస్యం స్పెషలు. టైంటేబుల్లో ఉన్న రైళ్ళన్నిటికీ దారిచ్చి, గూడ్సుబళ్ళకి కూడా మర్యాద చేసి, మెల్లగా కదులుతాయి. ఇక అసలు కానుక వేరే ఉంది. 2023 జనవరి 15న, సరిగ్గా సంక్రాంతి నాడు, సికింద్రాబాద్ నుంచి విశాఖకి వందేభారత్ రైలుకి ప్రధాని పచ్చజెండా ఊపారు. తెలుగువారికి పండగ కానుక అన్నారు. సంక్రాంతి నాడు ఊరికి బయల్దేరేవాడు ఎవడు? అప్పటికి వెళ్ళగలిగినవాడు అరిసెలు తింటున్నాడు, వెళ్ళలేనివాడు టీవీలో ఆ జెండా చూస్తున్నాడు. పైగా ఆ రైలు విశాఖలో ఆగిపోతుంది. అక్కణ్ణుంచి శ్రీకాకుళం ఇంకా వంద కిలోమీటర్ల పైచిలుకు. 2024 మార్చిలో విశాఖ–భువనేశ్వర్ వందేభారత్ కూడా వేశారు, కాదనం. తాపీ మేస్త్రి దగ్గర మట్టి మోసే మనిషి ఒక రైలు దిగి ఇంకో ఏసీ కుర్చీలో కూర్చుని టెక్కలి పక్క పల్లెకి వెళ్తాడని లెక్క వేసిన మేధావికి నమస్కారం.

జోన్ కథ ఇంకా ముచ్చటైంది. విశాఖ కేంద్రంగా దక్షిణ కోస్తా రైల్వే జోన్ అని 2019 ఫిబ్రవరిలో ప్రకటించారు. దాని కార్యాలయానికి 2025 జనవరి 8న రాయి వేశారు. పండక్కి వారం ముందు! ఆరేళ్ళలో రాయి దాకా రావడమంటే మన దగ్గర వేగమే. ఆ వారం జనరల్ బోగీలో ఒంటికాలి మీద నిలబడి వచ్చినవాడికి మాత్రం జోన్ మారుతున్న సంగతి రెండు కాళ్ళలో ఏ కాలికీ తెలియలేదు.

సరే, రైలు దొరికిందే అనుకుందాం. శ్రీకాకుళం రోడ్డు స్టేషన్లో దిగుతారు. అది శ్రీకాకుళంలో లేదు, ఆమదాలవలసలో ఉంది. శ్రీకాకుళానికి రోడ్డుందని చెప్పడానికే ఆ పేరు. జిల్లా కేంద్రానికి రైలే లేదని ఎవరూ సిగ్గుపడరు, రోడ్డుందిగా. పది పన్నెండు కిలోమీటర్లు ఆటోలో వచ్చి, ఆర్టీసీ కాంప్లెక్సులో ఇంకో బస్సు పట్టుకుంటే గాని సముద్రం గాలి తగలదు. రైలు దొరకనివాడు ప్రైవేటు బస్సెక్కుతాడు. మామూలు రోజుల ఛార్జీ మీద రెండింతలు, మూడింతలు. అది దోపిడీ కాదట, ‘డైనమిక్ ప్రైసింగ్’ అట. పూర్వం దారి దోపిడీ దొంగలకి పాపం ఇంత మంచి పేరు దొరకలేదు. రవాణా శాఖ వారు ఏటా తనిఖీలు చేస్తారు, కేసులు రాస్తారు, ఫొటో దిగుతారు. ఆ జరిమానా కూడా మన టిక్కెట్లోనే కలిసి ఉంటుంది. తెల్లారగట్ల మూడున్నరకి హైవే మీద క్లీనరు కేకేస్తాడు: “సింగుపురం, నర్సన్నపేట, టెక్కలి, కాశీబుగ్గ... దిగాల, దిగాల!” ఊళ్ళోకి బస్సు రాదు. చంటిపిల్లతో, మూడు సంచులతో, మంచులో, లారీల మధ్య నిలబడితే ఆటో వస్తుంది. ఆటోవాడికీ పండగుంది కదా, ఆ సంగతి అడిగిన రేటులో తెలుస్తుంది.

ఈ కురుక్షేత్రం పడలేక కొడుకులు ఈ మధ్య ఓ ఉపాయం కనిపెట్టారు. పండగ ముందు అందరూ హైదరాబాదు నుంచి ఇటు వస్తారు గనక ఇటునుంచి అటు పోయే బళ్ళలో సీట్లుంటాయి. కాబట్టి పండగనే అటు తరలించేస్తే పోలేదా?

“అమ్మా, ఈసారి మీరే వచ్చేయండి. బెర్తులు ఖాళీగా ఉన్నాయి.”

“ఒరే బాబూ, సంకురాత్రి ఇక్కడుంటే మేవక్కడికొచ్చి ఏటి సేస్తావురా?”

“ఇక్కడా సంక్రాంతే నాన్నా. క్లబ్ హౌస్‌లో చేస్తారు.”

అలా, కళింగపట్నంలో వంశధార కడలిలో కలిసే చోట, లైట్‌హౌసు పక్కన ఇల్లున్న ముసలి దంపతులు, సముద్రానికి తాళం వేసి, పేరులో మాత్రమే సముద్రం ఉన్న అపార్ట్‌మెంటుకి సెలవులు గడపడానికి బయల్దేరతారు. శ్రీకాకుళం జిల్లాకి 193 కిలోమీటర్ల తీరముందని సర్కారు లెక్క. అందులో వీళ్ళ వాకిలి ఓ ఇరవై అడుగులు. ఆ ఇరవై అడుగులు పదిరోజులు చూసిపెట్టమని పక్కింటివాళ్ళకి అప్పగించాలి. ఆవుకి గడ్డి, కోళ్ళకి నూకలు, తులసికోటకి నీళ్ళు. పక్కింటావిడ కూడా కూతురింటికి గాజువాక వెళ్ళిపోతోందని ఆఖరు నిమిషంలో తెలుస్తుంది. ఆవిడ పక్కింటాయన బెంగుళూరు. పండగ నాలుగు రోజులూ వీధిలో మిగిలేది కోళ్ళే. హరిదాసు వస్తే వాటికే చెప్పుకోవాలి.

కళింగపట్నం నుంచి శ్రీకాకుళానికి పల్లెవెలుగు. 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్ళకి ఉచితం గనక అమ్మకి సున్నా టిక్కెట్టు. నాన్నకి పూర్తి టిక్కెట్టు. “నీ వల్లే కర్సు” అని ఆవిడ ఆయనతో అనగలగడం యాభై ఏళ్ళ కాపరంలో ఇదే మొదటిసారి. ఆ ఒక్కమాట కోసమైనా ఆ పథకాన్ని మెచ్చుకోవాలి. మూటలు చూడండి: అరిసెల డబ్బా, పోకుండల డబ్బా, పలాస జీడిపప్పు, కొడుక్కి పొందూరు పంచె (వాడు కట్టడు, ఫొటోకి పట్టుకుంటాడు), అన్నిటికీ అడుగున, మూడు కవర్లలో చుట్టి, ఆ పైన తువ్వాలు చుట్టి, ఎండు నెత్తళ్ళు. ఆ మూట విషయంలో ముసలాయన పడే భయం చూస్తే లోపల బంగారం బిస్కెట్లున్నాయేమో అనిపిస్తుంది. ఏసీ బోగీలో విజయనగరం దాటకముందే పక్క బెర్తాయన ముక్కు ఎగబీలుస్తాడు. వారంవారం చేపల హోటల్లో ప్లేటుకి వందలు పోసేవాడే ఆయన. మసాలాలో చేప సంస్కృతి, సంచిలో చేప అనాగరికం.

మియాపూర్లోనో నిజాంపేటలోనో గేటు దగ్గర వాచ్‌మన్ ఎదురొస్తాడు. “ఏవూరు బాబూ?” అంటే మందస పక్క పల్లె పేరు చెబుతాడు. పండక్కి ఇంటికెళ్ళలేదేం? “ఫ్లాట్లోళ్ళందరూ ఊరెల్లిపోనారు. ఆల్ల ఇల్లు సూసీవోడుండాలి గదండి.” ఈ ఒక్క వాక్యంలో ఉత్తరాంధ్ర ఆర్థికశాస్త్రం మొత్తం ఉంది. ఆ మేడలకి ఇటుక మోసింది మనవాళ్ళే, వాటికి కాపలా ఉన్నదీ మనవాళ్ళే. ఊరెళ్ళే హక్కు మాత్రం ఫ్లాటుతో బాటు రిజిస్ట్రేషన్ అవుతుంది.

పైన పదకొండో అంతస్తులో పండగ మొదలవుతుంది. భోగిమంట వేస్తే ఫైర్ అలారం మోగుతుందని అసోసియేషన్ వారు పార్కింగులో ఒక్క మంట, అరగంట, కుర్చీలు వేసి ఏర్పాటు చేశారు. మనవడు పిడకల దండ చూసి “ఇదేం స్నాక్ తాతా?” అన్నాడు. గొబ్బెమ్మలు ఆన్‌లైన్లో వచ్చాయి, రిటర్న్ పాలసీతో సహా. నెత్తళ్ళు వేయించగానే ఎనిమిదో అంతస్తు నుంచి వాట్సాప్ గ్రూపులో ఫిర్యాదు: ‘ఏదో లీకవుతోంది, ప్లంబర్‌ని పిలవండి.’ కొడుకు సెలవు పెట్టలేదు, ఇంట్లోంచే ఆఫీసు. చెవిలో పుల్లలు పెట్టుకుని, చెయ్యెత్తి అమ్మని మాట్లాడొద్దని సైగ చేస్తూ, పండగ మూడు రోజులూ పక్క గదిలో కనిపించాడు. సముద్రం ఎదురుగా ఉన్న ఇల్లు వదిలి ఐదువందల మైళ్ళు వచ్చింది ఆ వీపు చూడ్డానికి.

ఈపాటి ప్రయాణానికి కూడా నోచుకోనివాళ్ళున్నారు. ఉద్దానంలో మూత్రపిండాలు పాడై వారానికి రెండుమూడుసార్లు డయాలసిస్‌కి వెళ్ళే మనిషి, కొడుకు ఎంత పిలిచినా ఊరు కదల్లేడు. పలాసలో 2023 డిసెంబరులో కిడ్నీ పరిశోధన కేంద్రం, ఆసుపత్రి తెరిచారు, అది మంచిదే. కానీ రోగానికి కారణం ఇదీ అని ఇన్నేళ్ళ పరిశోధనల తర్వాత కూడా తేల్చి చెప్పినవాళ్ళు లేరు. ఆ ఇంటికి కొడుకే రావాలి. వాడు వెయిటింగ్ లిస్టులో ఉన్నాడు.

ఇక సముద్రం మీదే బతికేవాళ్ళ సెలవుల సంగతి. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట బంద్. చేపలు గుడ్లు పెట్టే కాలం. పడమటి తీరంలో జూన్ 1 నుంచి జులై 31. మన మత్స్యకారుల్లో వేలమంది గుజరాత్‌లోని వేరావల్ బోట్లలో కూలికి పోతారు గనక వాళ్ళు ఇంటికొచ్చేది ఆ పడమటి సెలవులకి. చేప పురుడు పోసుకునే వేళకే మనిషికీ కాపరం. పెళ్ళిళ్ళు, పిల్లల బారసాలలు, మొక్కులు అన్నీ ఆ రెండు నెలల్లోనే. సంక్రాంతికి ఇంట్లో ఉండేది గోడ మీది ఫొటో.

2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటి కొబ్బరినీ జీడినీ నేలమట్టం చేసింది. ఆ నవంబరులోనే వేరావల్ నుంచి వేటకెళ్ళిన 22 మంది ఆంధ్రా మత్స్యకారులు పాకిస్తాన్ చేతికి చిక్కారు. ఎక్కువమంది మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల వాళ్ళే. ఏడాదికి పైగా కరాచీ జైల్లో ఉన్నాక 2020 జనవరి 6న వాఘా దగ్గర ఇరవైమందిని అప్పగించారు. సంక్రాంతి వారం ముందు! ఆ ఏడు ఉత్తరాంధ్రకి కన్ఫర్మ్ టిక్కెట్టుతో పండక్కి వచ్చినవాళ్ళు బహుశా వాళ్ళే. అంటే సర్కారు ఖర్చుతో ఇల్లు చేరాలంటే దారి కరాచీ మీదుగా ఉంది. ఆ కథతో ‘తండేల్’ సినిమా తీసి 2025 ఫిబ్రవరిలో విడుదల చేశారు. తెర మీద హీరో ఇంటికొచ్చాడు, హాలంతా ఈలలు. హాలు బయట మాత్రం, సొంత తీరంలో బోటు కట్టుకోడానికి జెట్టీ ఎప్పుడొస్తుందని తాతలనాడు అడిగిన ప్రశ్ననే మనవలు అడుగుతున్నారు.

పాలకులు ఊరుకున్నారనడం అన్యాయం. రాళ్ళు వేస్తూనే ఉన్నారు. భోగాపురం విమానాశ్రయానికి 2019 ఫిబ్రవరి 14న ఒక ముఖ్యమంత్రి శంకుస్థాపన చేశారు. 2023 మే 3న ఇంకో ముఖ్యమంత్రి అదే విమానాశ్రయానికి మళ్ళీ చేశారు. మొదటి రాయి విత్తనమనుకుని మొలకెత్తుతుందేమో చూసి ఉంటారు. మూలపేట పోర్టుకి 2023 ఏప్రిల్ 19న రాయి పడింది. రేవులు ఈ తీరానికి కొత్త కాదు. కళింగపట్నం రేవు ఎప్పుడో మూతపడింది. ఈ తీరపు రేవుల నుంచే మన తాతలు ఓడలెక్కి రంగం (రంగూను) పోయి, బియ్యం మిల్లుల్లో మూటలు మోశారు. 1942లో జపాను సేనలు బర్మాలో దిగినప్పుడు వాళ్ళలో ఎందరో అడవులు, కొండలు పట్టి కాలినడకన ఇంటిదారి పట్టారు. రేవు కట్టేది సరుకు దిగడానికి, మనిషి ఎగుమతి కావడానికి. మనిషి తిరిగి దిగడానికని ఇంతవరకూ ఎవరూ ఏదీ కట్టలేదు.

అలాగని, దేవుడి దయవల్ల ఊరు చేరినవాళ్ళు మాత్రం తక్కువ తిన్నారా? భోగినాడు దిగి, బీచిలో నాలుగు రీల్సు తీసి, “మన నేటివ్ ప్లేస్ ఎంత ప్యూర్‌గా ఉందో!” అని మురిసి, చందువా ముక్క ఎంత ఫ్రెష్షో అమ్మకే పాఠం చెప్పి, కనుమ మధ్యాహ్నానికి బ్యాగు సర్దుతారు. కనుమ నాడు కాకైనా కదలదంటారు, సాఫ్టువేరు కదులుతుంది. ఇంకొందరు ఇంకా తెలివైనవాళ్ళు. బస్సు రేటు చూసి, ఇంతే డబ్బుతో ఇంకో చోటికి పోవచ్చని లెక్క కట్టి, పిల్లలకి సముద్రం చూపించడానికి గోవా తీసుకుపోతారు. బారువలో ఇల్లున్నవాడు డబ్బిచ్చి గోవాలో ఇసుక మీద పడుకోవడం చూసి అరేబియా సముద్రం నవ్వుకుని ఉంటుంది.

ఇంత జనాన్ని తరలించడం అసాధ్యమని ఇంజనీర్లు చెబుతారు. అబద్ధం. 2020 లాక్‌డౌన్లో రైలు లేదు, బస్సు లేదు. అయినా వేరావల్లో చిక్కుకున్న దాదాపు నాలుగు వేలమంది మత్స్యకారుల్ని బస్సుల్లో ఇళ్ళకి చేర్చారు. దేశం సగం అడ్డంగా దాటి! అంటే తలుచుకుంటే చెయ్యగలరు. 2024 మే 13న పోలింగ్. ఆ ముందు మూడు రోజులు హైదరాబాదులో మన పల్లెల వాళ్ళకి ఫోన్ల మీద ఫోన్లు: “బాబూ, మీ అపార్ట్‌మెంటు గేటు దగ్గరికే బస్సొస్తాది. టిఫిను, భోజనం మనదే. ఎంతమంది?” వెయిటింగ్ లిస్టు లేదు, డైనమిక్ ప్రైసింగు లేదు, హైవే మీద దింపడం లేదు, పోలింగ్ బూతు దాకా దింపారు. సంక్రాంతికి దొరకని వాచ్‌మన్‌కి ఆ రోజు సెలవు దొరికింది. మూడు వందల అరవై ఐదు రోజుల్లో మనిషిని ఇంటికి తెచ్చే దారి ఎక్కడుందో పార్టీలకి తెలుసు, అభ్యర్థులకి తెలుసు, బస్సు యజమానులకి తెలుసు.

అంచేత శ్రీకాకుళం, విజయనగరం ఓటర్లకో మనవి. 2029లో ఎన్నికలొస్తాయి. మెడలో కండువా వేసుకుని, నవ్వుతూ, పార్టీ టిక్కెట్టు తెచ్చుకున్న పెద్దమనిషి ఒకాయన ఫోన్ చేసి బస్సు పంపుతానంటాడు. తిట్టకండి, టిఫిను వద్దనకండి. ఒక్కటే అడగండి: “నీ టిక్కెట్టు నీకు దొరికింది బావు, సంతోషం. సంకురాత్రికి మా టిక్కెట్టేదీ?” జవాబు జేబులో పెట్టుకుని వచ్చినవాడికే బస్సెక్కండి. లేనివాణ్ణి వెయిటింగ్ లిస్టులో పెట్టండి.